పరదేశమందు పాడిన పాట

ధ్యానమునకు: కీర్తనలు 137, లేవీయకాండము 25:8-17, ఆమోసు 5:21-24



బబులోను నదుల యొద్ద కూర్చుండి ఏడ్చిన ఇశ్రాయేలీయుల సంగతి 137వ కీర్తనలో మనము అనేక పర్యాయములు చదివియున్నాము. వారు తమ వాద్యములను చెట్లకు తగిలించి ఊరకుండిరి. చెరపట్టినవారు వచ్చి, మీ దేశపు పాట ఒకటి పాడుడి, విని సంతోషింతుము అనిరి. ఏడ్చువారి పాట వారికి వేడుక. పరాయి నేలమీద మన దేవుని పాట నోట వచ్చునా అని ఆ చెరవారు కుమిలిపోయిరి.

ఈ ప్రశ్న బబులోనుతో తీరిపోయినది కాదు. ప్రతి సంవత్సరము సుగ్గికి పోవు మన కుటుంబములు మూటలు కట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని, గుంటూరు సీమలో మిరపకాయలు కోయుటకును, పత్తి ఏరుటకును బయలుదేరునప్పుడు ఇదే ప్రశ్న వారితో కూడ ప్రయాణము చేయుచున్నది. కావున ఈ నెల, పరదేశములో పాడిన ఒక జనాంగమును గూర్చి ధ్యానింతము. వారును పత్తి ఏరినవారే.

అమెరికా దేశపు దక్షిణ భాగములో టెన్నెసీ అను రాష్ట్రము కలదు. లోకమందలి నలుమూలల నుండి జనులు ఆ రాష్ట్రమును చూడబోవుదురు. అక్కడ బంగారు గనులున్నవని కాదు, పాటలున్నవని పోవుదురు. అక్కడి నాష్‌విల్ పట్టణమునకు సంగీత నగరమని పేరు. మిసిసిపీ మహానది ఒడ్డున నున్న మెంఫిస్ పట్టణములో రాత్రులందు వీధి వీధినా వాద్యములు మ్రోగుచుండును. చదువులకును, ఉద్యోగములకును అమెరికా చేరిన మన తెలుగు బిడ్డలు కూడ సెలవు దినములలో అక్కడికి పోయి వచ్చుచున్నారు. మనలో చాలమందికి ఆ ప్రయాణము దొరకదు. అయినను దూరపు పత్రికలను వినునట్లే, ఆ దేశపు సంగతి విని నేర్చుకొనుట మనకు సాధ్యమే.

మొదట మెంఫిస్‌ను చూతము. మన మద్దికెర చేలలో పండిన పత్తి ఆదోని మార్కెట్టుకు పోవునట్లు, ఆ ప్రాంతముల పత్తి అంతయు మెంఫిస్‌కు చేరుచుండెను. బేళ్లు కట్టి, పడవలకెక్కించి, సముద్రము దాటించి అమ్మిరి. ఆ వర్తకులు ధర పలికిన భవనములోనే నేడు పత్తి చరిత్రను చూపు ఒక ప్రదర్శనశాల యున్నది. అయితే మన చేలకును, ఆనాటి వారి చేలకును ఒక గొప్ప భేదము కలదు. అక్కడ పత్తి ఏరిన చేతులకు కూలి లేదు. ఆ చేతులు కూడ పత్తి బేళ్లవలెనే అమ్ముడుపోయెను.

ఆఫ్రికా ఖండము నుండి ఓడలలో గొలుసులు వేసి తెచ్చిన మనుష్యుల సంతానము వారు. 1860లో టెన్నెసీ రాష్ట్రములో మాత్రమే సుమారు 2 లక్షల 75 వేలమంది బానిసలు ఉండిరి. అమెరికా అంతట కలిపి వారి సంఖ్య దాదాపు 40 లక్షలు. తల్లిని ఒకరికిని, బిడ్డను మరియొకరికిని అమ్మెడివారు. దక్షిణమున అనేక రాష్ట్రములలో బానిసకు అక్షరము నేర్పుట చట్టప్రకారము నేరముగా నుండెను. 1861 నుండి 1865 వరకు ఆ దేశములో అంతర్యుద్ధము జరిగి, తుదకు 1865లో రాజ్యాంగ సవరణచేత దాస్యము రద్దు చేయబడెను. ఆ యుద్ధకాలములో అమెరికా పత్తి ఇంగ్లండు మిల్లులకు చేరలేదు గనుక మన దేశపు పత్తికి ధర అమితముగా పెరిగెను. దూరదేశపు బానిస కష్టమును, మన రేగడి నేల ధరయు ఒకే త్రాసులో తూగినవని దీనివలన తెలియుచున్నది.

చదువు లేని ఆ బానిసలు వాక్యమును చెవితో విని హృదయములో దాచుకొనిరి. దాచుకొనినదానిని పాటగా కట్టిరి. ఎవరు వ్రాసిరో ఎవరికిని తెలియదు. చేనులో ఒకరు ఎత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. మన భజనలో ఒకరు చెప్పగా అందరు పలికినట్లే. మోషే ఫరోయెదుట నిలిచిన సంగతి, దానియేలు సింహముల బోనులో బ్రతికిన సంగతి, యొర్దాను దాటిన సంగతి, ప్రభువు సిలువమీద మ్రానుకు కొట్టబడిన సంగతి, ఇవే వారి పాటలు. దొర విని, పనివాండ్రు పరలోకమును గూర్చి పాడుచున్నారులే అనుకొనెను. పాడువారి మనస్సులో యొర్దాను అనగా దాస్యము లేని ఉత్తర ప్రాంతమునకు దాటించు నది కూడ.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. యజమానులు సువార్తను వారికి పూర్తిగా నిషేధింపలేదు. తమకు అక్కరైన భాగములను ఏరి వినిపించిరి. హోవర్డ్ తర్మన్ అను ప్రసిద్ధ నల్లజాతి బోధకుడు 1949లో అచ్చయిన తన గ్రంథములో తన అమ్మమ్మను గూర్చి చెప్పియున్నాడు. ఆమె బాల్యములో బానిస. ఆమెకు చదువు రాదు గనుక మనుమడు ఆమెకు బైబిలు చదివి వినిపించుచుండెను. పౌలు పత్రికలను ఆమె చదువనిచ్చెడిది కాదు. మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రికలోని ప్రేమాధ్యాయమును మాత్రము అప్పుడప్పుడు ఒప్పుకొనెను. ఏలయనగా, దాసులు యజమానులకు లోబడవలెనన్న మాటనే దొరగారి బోధకుడు మాటిమాటికి ఎత్తుచుండెను. స్వతంత్రురాలనై చదువు వచ్చినయెడల ఆ భాగమును ఎన్నడును చదువనని ఆమె నిశ్చయించుకొనెను. ప్రియులారా, ఆమెను మనము తప్పుపట్టనక్కరలేదు. దేవుని వాక్యమును పేదవాని మెడకు కాడిగా కట్టినవానినే దేవుడు లెక్క అడుగును.

ఇప్పుడు నాష్‌విల్‌కు వత్తము. విడుదల కలిగిన మరుసటి సంవత్సరము, అనగా 1866 జనవరిలో, అక్కడ విడిచిపెట్టబడిన సైనిక ఆసుపత్రి కొట్టములలో నల్లవారి కొరకు ఒక పాఠశాల తెరవబడెను. మిషనరీ సంఘమువారు దానిని స్థాపించిరి. దాని పేరు ఫిస్క్ పాఠశాల. పిల్లలే కాదు, తలనెరసిన వృద్ధులు సైతము పలక పట్టి కూర్చుండిరి. ఆ పట్టణములో బానిసలను అమ్మిన దొడ్డిలో పడియున్న త్రుప్పు సంకెళ్లను ప్రోగుచేసి, పాత ఇనుముగా అమ్మి, ఆ సొమ్ముతో అక్షరమాల పుస్తకములు కొనిరని ఆ పాఠశాల చరిత్రలో చెప్పుదురు. సంకెళ్లు పుస్తకములాయెను!

అయిదు సంవత్సరములు గడిచెను. కొట్టములు కూలిపోవుచుండెను, అప్పులు పెరుగుచుండెను. పాఠశాల మూతపడు స్థితికి వచ్చెను. అప్పుడు కోశాధికారియు, పాటలు నేర్పువాడునైన జార్జి వైట్ అను ఉపాధ్యాయుడు, మిగిలిన కొద్ది సొమ్ముతో తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని 1871 అక్టోబరు 6వ తేదీన ఊరూర పాడుటకు బయలుదేరెను. ఆ తొమ్మిదిమందిలో ఎక్కువమంది దాస్యములో పుట్టినవారు.

మొదట వారు తమ తలిదండ్రుల పాటలను సభలలో పాడుటకు వెనుకాడిరి. పియానో వాయించుచు ఆ బృందమును నడిపించిన ఎల్లా షెపర్డ్ అను యువతి ఈ సంగతిని వ్రాసియుంచెను. ఆ పాటలు దాస్య దినములను జ్ఞాపకము చేయునవి. పెద్దల ప్రార్థనలకు సంబంధించిన పవిత్రమైనవి. పరుల యెదుట, వేడుక చూచువారి యెదుట వాటిని ఎట్లు పాడుదుమని వారి సంకోచము. 137వ కీర్తనలోని సంకోచమే ఇది. కనుక తెల్లవారి పాటలను శ్రద్ధగా నేర్చి పాడిరి. వినువారు మెచ్చుకొనిరి గాని సంచి నిండలేదు. క్రమముగా తమ పెద్దల పాటలను ఎత్తినప్పుడు సభలు నిశ్శబ్దమాయెను. కఠినమైనవారు సైతము కన్నీరు విడిచిరి.

వారు బయలుదేరిన కొద్ది దినములకే షికాగో మహానగరము అగ్నికి ఆహుతియై వేలకొలది జనులు నిరాశ్రయులైరి. సిన్సినాటి పట్టణములో పాడగా ఆ బృందమునకు 50 డాలర్ల లోపు చందా వచ్చెను. తమకే కూడు, గుడ్డ చాలని ఆ బిడ్డలు ఆ సొమ్మునంతయు షికాగో బాధితులకు పంపిరి. మన సంఘములలో ప్రథమఫలముల కూటము జరుపుకొనునప్పుడు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. వారి ప్రథమఫలము ఇతరుల కష్టమునకు పోయెను.

ఆ యాత్రలోనే, ఒక రాత్రి ప్రార్థించిన పిమ్మట, వైట్‌గారు వారికి ఒక పేరు పెట్టెను. లేవీయకాండము 25వ అధ్యాయమునుండి తీసిన పేరు అది. ఏబదియవ సంవత్సరమున బూర ఊదవలెను. దాసులు విడుదల పొందవలెను. పోయిన భూమి తిరిగి రావలెను. ఆ సంవత్సరమును వారి భాషలో జూబ్లీ అందురు. మన తెలుగు బైబిలులో దానికి సునాద సంవత్సరమని ఎంత చక్కని పేరు! విడుదలయు, మంచి ధ్వనియు ఒకే మాటలో ఇమిడియున్నవి. ఆనాటినుండి వారు జూబ్లీ గాయకులైరి, అనగా సునాద గాయకులు.

వారి మార్గము పూలబాట కాదు. పాట విని చప్పట్లు కొట్టిన ఊరిలోనే ఆ రాత్రి వసతిగృహములవారు తలుపులు మూసిరి. అయినను 1872లో అమెరికా అధ్యక్షుని మందిరములో పాడిరి. 1873లో ఇంగ్లండునకు పోయి విక్టోరియా రాణి యెదుట పాడిరి. వచ్చిన సొమ్మును తమకు పంచుకొనలేదు. దానితో నాష్‌విల్‌లో ఒక గొప్ప భవనము కట్టబడి 1876 జనవరి 1వ తేదీన ప్రతిష్ఠింపబడెను. అదే జూబ్లీ హాలు. మన కర్నూలు, బళ్లారి సీమలను ధాత కరువు కాల్చివేసిన సంవత్సరము కూడ 1876యే. ఆ పాఠశాల నేడు విశ్వవిద్యాలయము. ఆ భవనము ఇప్పటికిని నిలిచియున్నది. వారి బృందమును నిలిచియున్నది. ప్రతి సంవత్సరము అక్టోబరు 6న తొలి గాయకులను స్మరించి పాడుదురు. 2021లో ఆ బృందమునకు గ్రామీ అను ప్రఖ్యాత సంగీత బహుమానము లభించెను.

ఎల్లా షెపర్డ్ తల్లి సంగతి ఒకటి చెప్పక విడువరాదు. తన పసిబిడ్డ కూడ దాస్యములో నలిగిపోవునని తలంచి, నిరాశతో ఆ తల్లి బిడ్డనెత్తుకొని నాష్‌విల్ ప్రక్కన పారు కంబర్లాండ్ నదిలో పడి చావబోయెను. ఒక వృద్ధురాలు అడ్డుపడి, ఈ బిడ్డ విషయమై దేవునికి ఒక ఉద్దేశమున్నదని చెప్పి ఆపినదట. ఆ బిడ్డయే పెరిగి రాణుల యెదుట పాడినది, వేలమందికి చదువు కొనిపెట్టినది. బబులోను నదుల యొద్ద మూగబోయిన పాట కంబర్లాండ్ నది యొద్ద బ్రతికి బయటపడినది. ఆ వృద్ధురాలి పేరు మనకు తెలియదు. మన పేటలలో ఇట్టి అవ్వలు లేరా? అప్పులకు, త్రాగుడుకు, పంట నష్టమునకు విసిగిన ఇంట చావు తలంపు పుట్టినప్పుడు అడ్డుపడి చేయి పట్టుకొను అవ్వ ప్రతి సంఘములోను ఉండవలెను.

ఆ పాటలు మన దేశమునకును వచ్చినవి. ఆ తొలి గాయకుల తరువాతి బృందమును లౌడిన్ అను గాయకుడు నడిపించి, 1889-90 ప్రాంతములలో ఆస్ట్రేలియా నుండి భారతదేశమునకు తీసికొని వచ్చి అనేక పట్టణములలో పాడించెను. పిమ్మట 1936 ఫిబ్రవరిలో, పైన చెప్పిన తర్మన్‌గారును ఆయన సతీమణి సూ బెయిలీయు గుజరాతులోని బార్డోలీలో గాంధీ మహాత్ముని దర్శించిరి. చాలసేపు మాటలాడిన పిమ్మట గాంధీగారు వారిని ఒక పాట కోరిరి. సిలువ యొద్ద నీవుంటివా అని అడుగు బానిసల పాటనే కోరిరి. అస్పృశ్యతను గూర్చి దుఃఖపడిన ఆ మహానుభావునికి బానిసల పాటలో సిలువయొక్క అర్థము వినబడెను.

అయితే పాట ఒక్కటియే చాలునా? నాష్‌విల్‌లోనే రైమన్ అను పెద్ద మందిరము కలదు. టామ్ రైమన్ అను పడవల యజమాని, సువార్తికుని బోధ విని మారుమనస్సు పొంది, అందరును వాక్యము వినుటకని దానిని తలపెట్టగా 1892లో అది తెరవబడెను. తరువాత 1943 నుండి 1974 వరకు అమెరికా పల్లెపాటల ప్రఖ్యాత కచేరి అక్కడనే జరిగెను. సువార్త కొరకు కట్టిన ఆ మందిరములో 1897లో పై వసారా ఒకటి కట్టి, దాస్యమును నిలుపుటకు యుద్ధము చేసిన పక్షపు సైనికుల పేరు దానికి పెట్టిరి. క్రింద దేవుని పాట, పైన దాస్యమును కోరినవారి పేరు! ఆమోసు ద్వారా యెహోవా ఏమని చెప్పెను? మీ పాటల ధ్వని నాయొద్దనుండి తొలగింపుడి, న్యాయమును నీళ్లవలె పారనీయుడి అని కదా ఆయన భావము.

అందుకే ఆ రాష్ట్రమునకు పోవువారు మెంఫిస్‌లో మరియొక స్థలమును చూడకుండ తిరిగిరారు. 1968 ఫిబ్రవరిలో ఆ పట్టణమున చెత్త ఎత్తు ఇద్దరు కూలీలు, వర్షమునకు తలదాచుకొనుటకు చెత్తబండిలో కూర్చుండగా, యంత్రము కదలి నలిగి చనిపోయిరి. అప్పుడు సుమారు 1,300 మంది పారిశుద్ధ్య పనివారు పని మానిరి. తామును మనుష్యులమే అను ఒక్క మాట అట్టలమీద వ్రాసి వీధులలో నడచిరి. వారికి తోడుగా వచ్చిన బోధకుడు మార్టిన్ లూథర్ కింగు ఏప్రిలు 4వ తేదీన లొరెయిన్ అను వసతిగృహపు వసారాలో తుపాకి గుండుకు కూలెను. కూలుటకు కొద్ది క్షణముల ముందు, ఆ రాత్రి కూటములో ఒక ప్రార్థనా గీతమును చక్కగా వాయింపుమని ఆయన వాద్యకారునితో చెప్పుచుండెను. పాటయు న్యాయమును ఆయనలో వేరుపడలేదు. ఆ వసతిగృహము 1991 నుండి ప్రదర్శనశాలగా నున్నది. 1959లో మన దేశమునకు వచ్చినప్పుడు ఒక పాఠశాలలో తనను అమెరికానుండి వచ్చిన అంటరాని సహోదరుడని పరిచయము చేసిరనియు, మొదట నొచ్చుకొని, తరువాత అది నిజమేనని గ్రహించితిననియు ఆయన చెప్పుకొనెను.

ప్రియులారా, ఈ సంగతులన్నిటినుండి మనము ఏమి గ్రహింతుము?

మొదటిది, మన పాటను గూర్చి సిగ్గుపడకుందము. తొలకరి వానలు పడగానే మన మద్దికెర, తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రముల కొరకు ఎక్కడెక్కడి జనులో వచ్చి వంగి వెదకుట చూచుచున్నాము. ఆ చేనిలో దినమంతయు తిరుగువానికి మాత్రము రాయి రాయిగానే కనబడును. మన పెద్దలు కంజిర, తాళములతో పాడిన కీర్తనలును అట్టివే. పురుషోత్తమ చౌదరి మొదలైన భక్తులు మన రాగములలో మనకిచ్చిపోయిన కీర్తనలు, చదువురాని అవ్వలు ఆద్యంతము నోటికి పాడిన కీర్తనలు, పాత సరకని మూలపెట్టవచ్చునా? క్రొత్త పాటలు రావలెను, పెట్టెలో మ్రోగు పాటలును వినవచ్చును. అయితే సంఘము నోరు మూసికొని పెట్టె మాత్రమే పాడినయెడల అది ఆరాధన కాదు. ప్రతి ఇంట ఒక పిల్లవాడు అవ్వ యొద్ద ఒక కీర్తన ఈ నెలలో నేర్చుకొనునుగాక.

రెండవది, సుగ్గికి పోవువారితో కూడ పాటను పంపుదము. కళ్లము ప్రక్కన గుడారములో రాత్రి దీపము పెట్టుకొని పది నిమిషములు పాడి ప్రార్థించు కుటుంబము ఎక్కడనున్నను సంఘమే. పౌలును సీలయు చెరసాలలో మధ్యరాత్రి పాడిరి; తక్కిన ఖైదీలు వినిరి. మీ ప్రక్క గుడారమువాడును వినును. ఇంటనుండువారికి మరియొక పని కలదు. ఆ పాటలు బానిసల పిల్లలకు బడి కట్టినవి. మన బిడ్డ తల్లితో కూడ పత్తి చేనికి పోయి బడి పోగొట్టుకొనుచుండగా మనము ఆదివారము ఎంత చక్కగా పాడినను ఏమి ప్రయోజనము? పోవువారి పిల్లలను ఊరిలో నిలిపి, కూడు పెట్టి, బడికి పంపు బాధ్యతను ఇంటికొక బిడ్డ చొప్పున సంఘమువారు పంచుకొనగలరా? పెద్దలు ఈ విషయము సంఘ కూటములో ఆలోచింపవలెను. విడువబడిన వృద్ధులకు గంజి కాచి ఇచ్చు ఇల్లును నిర్ణయింపవలెను.

మూడవది, పాటకు తగిన న్యాయము మనలో ఉండవలెను. దేవుని మందిరములో నీవు ఏ పేటవాడవని చూచి చోటు చూపు అలవాటు ఎక్కడనైనను ఉన్నయెడల, బల్లయొద్ద గిన్నె అందుకొనుటలో ముందు వెనుకలు కులమునుబట్టి ఏర్పడినయెడల, అది రైమన్ మందిరపు పై వసారా వంటిదే. కూలిమనిషికి ఇయ్యవలసిన కూలి రేపు రమ్మని త్రిప్పి ఆదివారము స్తుతి పాడువాని పాట దేవుని చెవికి చేరునా? ఆ కూలివాని మొరయే ముందుగా చేరునని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో హెచ్చరించియున్నాడు. వీధులూడ్చు సహోదరుడును మనుష్యుడే, ఆయన కొరకును ప్రభువు ప్రాణము పెట్టెను.

టెన్నెసీకి పోయినవారు పాట విని, ఫొటో తీసికొని, తిరిగి వత్తురు. పాట ఎక్కడ పుట్టినదో, ఎవరి కన్నీటిలో తడిసినదో తెలిసికొనువారు కొందరే. మనము పోకయే తెలిసికొంటిమి గనుక మనయొద్ద ఎక్కువ అడుగబడును. చేతిలో ఏమియు లేనివారి నోటిలో దేవుడు పాటనుంచెను. ఆ పాట సంకెళ్లను పుస్తకములుగా, నిరాశను విశ్వవిద్యాలయముగా మార్చెను. ఆ దేవుడే మన దేవుడు. మద్దికెర రేగడి చేలలోనైనను, గుంటూరు మిరప కళ్లములలోనైనను ఆయనకు పరదేశము లేదు.

ప్రార్థన: చెరలోనున్నవారికి పాటనిచ్చు తండ్రీ, వలసపోవు మా వారికి తోడైయుండుము. వారి బిడ్డలకు బడియు, వృద్ధులకు ఆదరువును మా చేతులద్వారా కలుగజేయుము. మా పాటలో కపటమును, మా మధ్యనున్న భేదములను తొలగించి, నీ సునాద సంవత్సరమును మా గ్రామములలో వినిపింపుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.